అమ్మ తలకింద మూడో దిండు

డాక్టరు నోట "హార్ట్ ఫెయిల్యూర్" అన్న మాట విన్న ఆ రాత్రి, ఎమర్జెన్సీ వార్డు బయట కుర్చీలో కూర్చుని బాపు నన్ను అడిగిన మొదటి మాట: "ఫెయిల్ అయిందంటే ఆగిపోయినట్టా బిడ్డా?" లోపల అమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి "నా చెప్పులు యాడున్నయ్?" అని నర్సుని అడగడం మాకు వినిపిస్తూనే ఉంది. గుండె ఆగిన మనిషి చెప్పులు అడగదు కదా. అయినా బాపుకి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. అప్పటికి నాకూ ఆ మాటకి సరైన అర్థం తెలియదు.

అమ్మకి 64 ఏళ్ళు. పద్నాలుగేళ్ళుగా బీపీ, ఆరేళ్ళుగా షుగర్. చిక్కడపల్లిలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బాపు, తమ్ముడు అక్కడే ఉంటారు. తమ్ముడిది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. నేను ఉప్పల్‌లో ఉంటాను, ఆదివారం ఆదివారం వచ్చి పోతుంటాను. ఈ వివరాలు ఎందుకు చెప్తున్నానంటే, అమ్మ ఒంట్లో జరుగుతున్నది మాలో ప్రతి ఒక్కరికీ కొంత కొంత తెలుసు. మొత్తం ఎవరికీ తెలియదు.

ఉగాది దగ్గర్నుంచి మొదలైంది అనుకుంటాను. అంతకుముందే మొదలై ఉండొచ్చు కూడా. కూరగాయల సంచితో మెట్లెక్కేటప్పుడు అమ్మ రెండో అంతస్తులో ఆగడం అలవాటు చేసుకుంది. అక్కడ ఉండే అక్కతో మాటలు పెట్టేది. మంజీరా నీళ్ళు ఎప్పుడొచ్చాయి, పనిమనిషి ఎందుకు మానేసింది, ఇలాంటివే. ఆ అక్క తర్వాత నాతో అంది: "మీ అమ్మ గోడ పట్టుకుని నిలబడేది. మాట్లాడేది తక్కువ, నేను మాట్లాడుతుంటే వినేది ఎక్కువ." మా అమ్మ సంగతి తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది, అమ్మ ఊరికే వినడమే ఒక పెద్ద లక్షణం అని. మేము అడిగితే మాత్రం, "గిన్ని మెట్లెక్కితే ఎవరికైనా దమ్మొస్తది, ఊకో" అనేది.

మే నెలలో మామిడికాయ తొక్కు పెట్టే రోజు నేను వెళ్ళాను. ఏటా పాతిక కాయలు తనే కొట్టించుకొచ్చి, తనే కలిపి, ఎవరి జాడీలు వాళ్ళకి పంచేది. ఈసారి పది కాయలే తెప్పించింది. కలపమని నాకిచ్చి తను పీట మీద కూర్చుంది. "చేతనైతలేదు" అంది. ఆ మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. వయసు అనుకున్నాను. అరవై నాలుగు ఏం పెద్ద వయసని ఇప్పుడు అనిపిస్తుంది.

అదే రోజు ఇంకోటి జరిగింది. తిండి బాగా తగ్గింది, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని చెయ్యి కడిగేసుకుంది. కానీ నడుం దగ్గర లంగా నాడా బిగుతై ఎర్రగా వాత తేలింది. "తినకపోయినా ఒళ్ళొస్తుంది చూడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ముఖం చూస్తే పీక్కుపోయి ఉంది, కాళ్ళకి మట్టెలు మాత్రం కదలడం లేదు. పనిచేసే ఆమె సబ్బు రాసి వాటిని తీసిందట, ఆ చోట వేళ్ళ చుట్టూ గాడి పడిందట. ఇది కూడా నాకు జులైలోనే తెలిసింది.

కాళ్ళ వాపుకి మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఇంటి దగ్గర క్లినిక్‌లో అడిగితే, బీపీకి వేసుకునే మాత్ర వల్ల కూడా కాళ్ళు వాస్తాయి అన్నారు. అది అబద్ధం కాదు, ఆమ్లోడిపిన్‌తో కొందరికి నిజంగానే పాదాలు వాస్తాయి. ఆ మాట విని మా అమ్మ ఏం చేసిందంటే, ఎవరికీ చెప్పకుండా ఆ మాత్రే మానేసింది! బీపీ కొలిచేవాళ్ళు ఎవరున్నారు ఇంట్లో? మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు మాత్రం రోజూ వేసుకుంది. ఆ రకం మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీళ్ళనీ పట్టి ఉంచుతాయని, అలసిన గుండె ఉన్నవాళ్ళకి అవి చెడ్డవని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. పైగా కడుపుబ్బరానికి నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే గ్యాస్ పొడి. అందులోనూ ఉప్పులో ఉండే సోడియమే. అంటే ఒకపక్క బీపీ మందు ఆపి, ఇంకోపక్క ఉప్పు ఎక్కించుకుంటూ పోయింది పాపం.

దగ్గు సంగతి మా తమ్ముడికి తెలుసు. తెల్లవారుజామున షిఫ్ట్ నుంచి వచ్చేసరికి అమ్మ దగ్గుతూ కూర్చుని ఉండేది. పొద్దున లేచాక ఉండదు, పడుకుంటేనే దగ్గు. ఏసీ పడలేదనుకుని ఏసీ ఆపేశారు. రెండు సీసాల సిరప్ అయిపోయింది.

ఇక దిండ్లు. అవి బాపుకి మాత్రమే తెలుసు. ఉగాదికి రెండు. తొక్కు పెట్టేనాటికి మూడు. మూడోది దీవాన్ మీద నుంచి తెచ్చిన గుండ్రటి బాలీసు. ఆషాఢం వచ్చేసరికి అమ్మ మంచం మీద పడుకోవడమే మానేసి, హాల్లో పడక కుర్చీలో నిద్రపోవడం మొదలుపెట్టింది. "ఫ్యాన్ గాలి బాగొస్తది" అని కారణం. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూంకి లేచేది, షుగర్ కదా అనుకున్నారు. ఒకటి రెండుసార్లు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి కిటికీ తలుపులు తీసి, గ్రిల్‌కి మొహం ఆనించి నిలబడిందట. పది నిమిషాలకి సర్దుకుంది కాబట్టి బాపు మాకు చెప్పలేదు. "పీడకల వచ్చిందనుకున్న" అన్నాడు.

లష్కర్ బోనాలకి ముందు వారం, రాత్రి రెండున్నరకి ఫోన్. బాపు గొంతు వెనక అమ్మ ఊపిరి వినిపిస్తోంది. రంపం కోస్తున్నట్టు, లోపల ఎక్కడో నీళ్ళు కదులుతున్నట్టు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ పెట్టి చూస్తే రక్తంలో ఆక్సిజన్ 86 శాతమే చూపిస్తోందని, మిషన్ చెడిపోయిందేమోనని అంటాడు బాపు. ఇక్కడ మేం చేసిన తప్పు ఒప్పుకోవాలి. 108కి చేయాల్సిన ఫోన్ నాకు చేశాడు. నేను కూడా "108కి చెయ్యి" అనకుండా "వస్తున్నా" అని బయల్దేరాను. ఉప్పల్ నుంచి చిక్కడపల్లికి ఆ వేళ రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా ఇరవై నిమిషాలు. కూర్చుని ఉన్నా ఊపిరి ఆడకపోవడం, పెదవులు నీలం తిరగడం, దగ్గితే గులాబీరంగు నురగ రావడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం లేదా మాట తడబడి మనిషి అయోమయంగా ఉండడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కూతురి కోసం ఆగకూడదని తర్వాత మాకు గట్టిగానే చెప్పారు.

మూడంతస్తులు ఎలా దింపాం? కింద ఫ్లాట్‌లో అద్దెకుండి గ్రూప్-2కి చదువుకుంటున్న కుర్రాళ్ళు ఇద్దరు అప్పటికింకా మెలకువగానే ఉన్నారు. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందొకడు వెనకొకడు పట్టుకుని, మలుపుల దగ్గర వంగుతూ దింపారు. కారులో వెనక సీట్లో పడుకోబెట్టబోతే అమ్మ చేత్తో నెట్టేసింది. మాట రావడం లేదు, తల మాత్రం అడ్డంగా ఊపుతోంది. కూర్చోబెట్టే తీసుకెళ్ళాం. అదే మంచిదైంది. ఆ స్థితిలో వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఇంకా బిగుసుకుపోతుందట. ఒంటికి తెలిసినంత కూడా మాకు తెలియలేదు.

ఎమర్జెన్సీలో బీపీ 190/110. ఆక్సిజన్ పెట్టారు, ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు, యూరిన్ గొట్టం వేశారు. ఈసీజీ, ఛాతీ ఎక్స్-రే, రక్తం. ఎక్స్-రేలో ఊపిరితిత్తుల కింది భాగం పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంది. తెల్లారేసరికి సంచీలో రెండు లీటర్లకి పైగా మూత్రం. అమ్మ అప్పుడు మాట్లాడింది, ముందు చెప్పినట్టు, చెప్పుల గురించి.

పొద్దున కార్డియాలజిస్టు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయేమో ఆమెకి, తొందరలేని మనిషి. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, అమ్మ మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి అలాగే కాసేపు ఉంచారు. వేలు తీశాక అక్కడ గుంట. అది నిండలేదు. అమ్మ మెడ ఎత్తి దాని వంక చూసి, "చపాతీ పిండి లెక్క అయింది కదమ్మా" అంది. డాక్టరు నవ్వి, బాపు వైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని దిండ్లు వేసుకుంటుంది?"

బాపు చెప్పాడు. తర్వాత మెట్ల గురించి అడిగారు, నేను చెప్పాను. పడుకుంటే దగ్గు వస్తుందా? తమ్ముడు చెప్పాడు. కడుపు తొందరగా నిండుతుందా, చెప్పులు బిగుతయ్యాయా, నిద్రలోంచి ఊపిరాడక లేస్తుందా? ఒక్కో ప్రశ్నకి మాలో ఎవరో ఒకరి దగ్గర జవాబుంది. ఎవరి జవాబు విని మిగతావాళ్ళు తెల్లబోతున్నారో చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగు నెలలుగా ఒకే కథని ముక్కలు చేసి తలా ఒకటి దాచుకున్నాం.

ఆమె చెప్పిన విధానం బాపుకి బాగా పట్టింది. "మీ అపార్ట్‌మెంట్ మోటారు కాలిపోలేదండీ, నడుస్తోంది. కానీ పైన ట్యాంకు నిండేంత నీళ్ళు తోడలేకపోతోంది. తోడని నీళ్ళు కింద సంపులో పెరుగుతాయి కదా, అట్లా ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో, కడుపులో చేరాయి. పగలంతా కాళ్ళలోకి దిగిన నీరు పడుకోగానే మళ్ళీ గుండె వైపు వస్తుంది. అందుకే పడుకుంటే ఆయాసం, అందుకే రాత్రిపూట బాత్రూం." షుగర్ వల్ల అనుకున్నవీ, గ్యాస్ వల్ల అనుకున్నవీ, ఏసీ వల్ల అనుకున్నవీ అన్నీ వచ్చి ఆ సంపులో పడ్డాయి.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అని ఒక రక్తపరీక్ష చేశారు. గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే పదార్థం అది. అమ్మకి ఆరు వేలు దాటింది. 2డీ ఎకో, అంటే గుండెకి చేసే స్కానింగ్‌లో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. నూటికి ముప్పై అనగానే మా తమ్ముడు గోడకి ఆనుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా నూటికి నూరు నెట్టదట, సుమారు 55 నుంచి 70 శాతమే. ఆ లెక్కన ముప్పై అంటే సగానికి దగ్గర. తక్కువే, కానీ మేం భయపడినంత కాదు. ఆ ఒక్క ముక్క రిపోర్టు ఇచ్చే దగ్గరే చెప్తే ఎంత బాగుండు! యాంజియోగ్రామ్‌లో పెద్ద బ్లాకులేమీ లేవు. గుండె జబ్బంటే బ్లాకులే అనుకునే మాకు అది ఇంకో వింత. ఏళ్ళ తరబడి అదుపులో లేని బీపీకి ఎదురు తోసి తోసి కండరం అలిసిపోయిందన్నారు.

ఆరో రోజు ఇంటికి తెచ్చాం. అప్పటికి అయిదున్నర కిలోలు తగ్గింది. అదంతా నీరే. మేము "ఒళ్ళొచ్చింది" అని నవ్వుకున్నది ఆ నీరు చూసే.

మందుల చీటీ పెద్దదే. సాక్యుబిట్రిల్-వల్సార్టన్ కలిపినది ఒకటి, మెటోప్రొలాల్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. ఇవి గాక ఒంట్లో నీరు తగ్గించే నీళ్ళ మాత్ర. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మాత్ర కదా, ఉన్నదానికి తోడు ఇంకోటెందుకని బాపు అనుమానం. షుగర్ లేనివాళ్ళకి కూడా గుండె కోసం ఇస్తారని చెప్తే ఊరుకున్నాడు. కొన్ని వారాలపాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, దానితోపాటు పొటాషియం పరీక్షలు వెంటవెంటనే చేయించాం. ఇందులో ఒక గండం తప్పింది. చుట్టాలు చూడ్డానికి వస్తూ తలా నాలుగు కొబ్బరిబోండాలు తెచ్చారు. ఒకావిడ ప్రేమకొద్దీ "బీపీవాళ్ళ ఉప్పు" ప్యాకెట్ తెచ్చింది. ఆ తక్కువ సోడియం ఉప్పులో ఉండేది పొటాషియం క్లోరైడ్. కొబ్బరినీళ్ళలోనూ పొటాషియమే. స్పైరోనోలాక్టోన్ లాంటి మందులతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ప్యాకెట్ వెనక చదివి నేను పక్కన పెట్టేశాను. బోండాలు వాచ్‌మన్ పిల్లలు తాగారు.

ఉప్పు మాన్పించడం ముందు మిగతావన్నీ సులువు. రోజుకి అన్నీ కలిపి ఒక టీస్పూను, అంటే అయిదు గ్రాములకి మించొద్దు. అమ్మ లెక్కలో కూరలో వేసేదే ఉప్పు. తొక్కు, అప్పడాలు, ఊరమిరపకాయలు, సాయంత్రం చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్లు ఉప్పు కిందికే రావు. "తియ్యటి బిస్కెట్ల ఉప్పేంది?" అని వాదన. తినిపించి చూపించాల్సి వచ్చింది. జాడీలన్నీ తమ్ముడు మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టాడు. ఆ వారం అమ్మ నాతో మాట్లాడలేదు. నిమ్మరసం, వేయించిన జీలకర్ర, పచ్చి వెల్లుల్లితో నెమ్మదిగా దారికొచ్చింది. దారికొచ్చింది అంటే, తిట్టుకుంటూ తింటుంది.

అన్నిటికంటే పనికొచ్చింది పద్దెనిమిది వందలు పెట్టి కొన్న బరువు తూచే మిషన్. పొద్దున బాత్రూంకి వెళ్ళొచ్చాక, చాయ్ తాగకముందు, రోజూ ఒకే రకం నైటీ మీద తూయాలి. ఒక్క రోజులో కిలోకి మించి గానీ, వారంలో రెండు కిలోలకి మించి గానీ పెరిగితే ఫోన్ చేయమన్నారు. కాళ్ళ వాపు కనబడేలోపే తూకం చెప్పేస్తుందట. బాపు పాత డైరీ ఒకటి తీసి గీతలు కొట్టాడు: తేదీ, బరువు, బీపీ, దిండ్లు. దిండ్లు అన్న గడి డాక్టరు చెప్పింది కాదు, ఆయన సొంతం.

సంక్రాంతికి అది ఆదుకుంది. సకినాలు చేసింది అమ్మే. "రుచి చూసిన, గంతే" అంది. పండగ నాడు 61.8. కనుమ నాడు 62.9. ఆ మర్నాడు 64.1. కాళ్ళు చూస్తే మామూలుగానే ఉన్నాయి, ఆయాసం లేదంది. కానీ దిండ్లు మళ్ళీ పెరిగాయి, గడిలో బాపు రాసింది: దిండ్లు 2. అడిగితే అమ్మ కొట్టిపారేసింది, "మెడ పట్టేసింది, అందుకే." ఈసారి ఎవరూ ఒప్పుకోలేదు. ఏడున్నరకే డాక్టరు దగ్గరికి ఫోన్ చేశాం. సాయంత్రం రమ్మని చూసి, నీళ్ళ మాత్ర మూడు రోజులపాటు పెంచి, మళ్ళీ రక్తం చూశారు. నాలుగో రోజుకి 62. ఆసుపత్రిలో చేరే పని లేకపోయింది. మాత్ర పెంచడం తగ్గించడం మాత్రం మా చేతుల్లోకి తీసుకోలేదు. అమ్మ ఒకసారి బీపీ మాత్ర మానేసి చూపించింది, చాలు.

ఆరు నెలల ఎకోలో 41 వచ్చింది. మందులు ఆపేయొచ్చా అని బాపు అడిగితే, ఆ మందుల వల్లే ఆ నలభై ఒకటి అన్నారు డాక్టరు. ఇక ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

మొన్న ఆదివారం అమ్మ, నేను కూరగాయలు తీసుకుని వస్తున్నాం. సంచి నా చేతిలోనే ఉంది. రెండో అంతస్తుకి రాగానే అమ్మ ఆగి గోడ పట్టుకుంది. నా కాళ్ళు వణికాయి. సంచి కింద పెట్టి, వంగి పాదాల మీద వేలు నొక్కబోయాను.

"దమ్మొస్తుందా అమ్మా?"

"దమ్మా పాడా! అక్క తలుపు తీస్తుందేమోనని ఆగిన. నువ్వు పైకి పో, నేను మాట్లాడొస్త."

అరగంట మాట్లాడింది. నేను పైన వాకిట్లో నిలబడి విన్నాను. అక్క గొంతు దాదాపు వినబడనే లేదు.